పట్టాలెక్కాలంటే ఎన్ని సంతకాలు!

2021 అక్టోబరు 12. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో సాయంత్రం. ఆర్లింగ్టన్ సెమెటరీ స్టేషన్ దగ్గర సొరంగంలో బ్లూ లైన్ మెట్రో రైలొకటి పట్టాలు తప్పింది. అందులో ఉన్న 187 మందిని సొరంగంలోంచి నడిపించి బయటికి తెచ్చారు. ప్రాణనష్టం లేదు కాబట్టి మామూలుగా అయితే ఆ వార్త రెండు రోజుల్లో పాతబడిపోయేది. కానీ జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తులో తేలిన సంగతి రైళ్లు కొనేవాళ్లనూ నడిపేవాళ్లనూ ఉలిక్కిపడేలా చేసింది. ఆ రైలు అదే రోజు అంతకుముందే రెండుసార్లు పట్టాలు తప్పి, దానంతట అదే మళ్లీ పట్టాలెక్కింది. ఎవరూ కనిపెట్టలేదు.

లోపం ఇరుసు దగ్గర ఉంది. రైలు చక్రాన్ని ఇరుసుకు బోల్టులతో బిగించరు, వెల్డింగ్ కూడా చేయరు. చక్రం నడుమ రంధ్రాన్ని ఇరుసు మందం కంటే వెంట్రుకవాసి తక్కువగా తొలిచి, హైడ్రాలిక్ ప్రెస్‌తో పదుల టన్నుల బలం పెట్టి ఎక్కిస్తారు. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు పోస్తే అది కరిచి పట్టుకున్నట్టు, ఇదీ బిగువు మీదే నిలబడుతుంది. రెండు చక్రాల మధ్య దూరాన్ని కాపాడేది ఆ బిగువే. మన బ్రాడ్‌గేజ్ కోచ్‌లకైతే రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య 1,600 మిల్లీమీటర్లు ఉండాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే ఆ కోచ్‌ను పక్కన పెడతారు. వాషింగ్టన్‌లో 7000 శ్రేణి కోచ్‌లలో కొన్ని చక్రాలు ఇరుసు మీద మెల్లమెల్లగా బయటికి జరిగాయి. పట్టాలు కలిసే చోట, విడిపోయే చోట అలాంటి చక్రం దారి తప్పుతుంది.

ఈ జబ్బు ఆ రోజు పుట్టింది కాదు. 2017లో ఇలాంటివి 2 కేసులు దొరికాయి. 2018లో 2, 2019లో 4, 2020లో 5, 2021లో ఏకంగా 18. మొత్తం 31. రైళ్లు నడిపే సంస్థకూ తయారుచేసిన కవాసాకికీ 2017లోనే విషయం తెలుసు. బయటినుంచి నిఘా వేయాల్సిన భద్రతా కమిషన్‌కు మాత్రం ప్రమాదం జరిగేదాకా తెలియలేదు. ప్రమాదం తర్వాత ఆ శ్రేణిలోని మొత్తం 748 కోచ్‌లను, అంటే వాళ్ల దగ్గరున్న వాటిలో దాదాపు 60 శాతాన్ని, ఒక్కసారిగా షెడ్డుకు పంపారు. నగరం నెలల తరబడి అవస్థ పడింది.

కొలిచినవాళ్లు కొలిచారు, రాసినవాళ్లు రాశారు. ఆ అంకెలు ‘రైళ్లు ఆపండి’ అని చెప్పే అధికారం ఉన్న బల్ల మీదికి సకాలంలో చేరలేదు. మెట్రో, లోకల్ రైళ్ల ఇంజినీరింగ్ పనులను పర్యవేక్షించడమంటే పక్కన నిలబడి చూడటం అనుకుంటాం. నిజానికి కొలతకూ నిర్ణయానికీ మధ్య దారి మూసుకుపోకుండా కాపలా కాయడమే ఆ ఉద్యోగం.

ఒక రైలు, ఎందరో పెద్దలు

హైదరాబాద్ మెట్రోనే తీసుకుందాం. మూడు కోచ్‌ల రైళ్లు 57 కొన్నారు. తయారుచేసింది దక్షిణ కొరియాలోని చాంగ్వాన్ నగరంలో హ్యుందాయ్ రోటెమ్. కొన్నది ఎల్ అండ్ టీ మెట్రో రైల్. రైలు ఎంత వేగంతో పోవాలో, ముందు రైలుకు ఎంత దూరంలో ఆగాలో క్షణ క్షణానికీ రేడియో ద్వారా చెప్పే సిగ్నలింగ్ అమర్చింది థాలెస్. నడిపే బాధ్యత కియోలిస్‌కు అప్పగించారు. ఒప్పందం ప్రకారం పనులు సాగుతున్నాయో లేదో చూసే స్వతంత్ర ఇంజినీరుగా లూయీ బెర్జర్ సంస్థ ఉండేది. వీళ్లందరి పైన లక్నోలోని ఆర్‌డీఎస్‌వో, అంటే రైల్వేల పరిశోధన, డిజైన్, ప్రమాణాల సంస్థ. చివరి మాట మెట్రో రైలు భద్రతా కమిషనర్‌ది.

ఈ కమిషనర్ వ్యవస్థలో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. రైళ్ల భద్రతను చూసే ఈ కమిషన్ రైల్వే శాఖ కింద ఉండదు, పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. రైళ్లు నడిపే శాఖే తన రైలు మంచిదని తనకు తాను సర్టిఫికెట్ ఇచ్చుకోకూడదనే ఉద్దేశంతో అలా విడదీశారు. కమిషనర్ ఒప్పుకోనిదే ప్రయాణికులను ఎక్కించుకునే వీలు లేదు.

హైదరాబాద్‌కు మొదటి రైలు 2014 మేలో వచ్చింది. ఓడలో చెన్నై రేవుకు, అక్కడి నుంచి పొడవాటి ట్రెయిలర్ల మీద ఉప్పల్ డిపోకు. జనం ఎక్కింది మాత్రం 2017 నవంబరు 29న. ఈ మూడున్నరేళ్లలో లైను, స్టేషన్లు పూర్తి కావడానికి పట్టిన కాలమూ ఉంది, పరీక్షలకు పోయిన కాలమూ ఉంది.

కాగితం దగ్గరే సగం పని

పర్యవేక్షక ఇంజినీరు పని మొదలయ్యేది ఫ్యాక్టరీలో కాదు, డ్రాయింగుల దగ్గర. కోచ్ ఎంత బలాన్ని తట్టుకోవాలి, సీటు రెక్సిన్‌కు నిప్పంటుకుంటే ఎంత పొగ రావచ్చు, బ్రేకు ఎన్ని మీటర్లలో ఆపాలి అన్నవన్నీ ఒప్పందంలోనే రాసి ఉంటాయి. తయారీదారు తన డిజైను వాటికి ఎలా సరిపోతుందో లెక్కలతో చూపాలి. కాగితం మీద దొరికిన తప్పును రబ్బరుతో చెరిపేయవచ్చు. అదే తప్పు యాభై రైళ్లు తయారయ్యాక దొరికితే ఏమవుతుందో వాషింగ్టన్ చూపించింది: 748 కోచ్‌లకు కోచ్‌కు 4 ఇరుసుల చొప్పున 2,992 ఇరుసులు. చక్రాలను ఊడదీసి మళ్లీ ఎక్కువ బలంతో నొక్కి ఎక్కించే పని సంవత్సరాల తరబడి సాగింది.

అందుకే మొట్టమొదట తయారైన భాగానికి ప్రత్యేక గౌరవం. మొదటి తలుపు, మొదటి బ్రేకు యూనిట్, మొదటి కోచ్ బాడీ దేన్నైనా విడిగా పెట్టి డ్రాయింగుతో అంగుళం అంగుళం పోల్చి చూస్తారు. దీన్ని ‘ఫస్ట్ ఆర్టికల్ ఇన్‌స్పెక్షన్’ అంటారు. దాన్ని ఒప్పుకుంటేనే రెండోది మొదలవుతుంది. ఇంకా కొన్ని దశలకు ‘హోల్డ్ పాయింట్’ అని పేరు. అక్కడ కొనుగోలుదారు ఇంజినీరు సంతకం పెట్టేదాకా పని ముందుకు సాగకూడదు. గోడ ప్యానెల్ బిగిస్తే లోపలి వైరింగు మళ్లీ కనిపించదు కదా! ప్యానెల్ మూయకముందే చూడాలి. ‘రేపు రండి, ఈలోపు మూసేస్తాం’ అన్న మాటకు తలూపిన ఇంజినీరు ఆ పూటకి మంచివాడనిపించుకుంటాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు ఆ గోడ వెనక ఏముందో ఎవరూ చెప్పలేరు.

నొక్కి, ఊపి, నీళ్లు కొట్టి

కోచ్ బాడీ తయారయ్యాక దాన్ని రెండు చివర్ల నుంచీ నొక్కుతారు. యూరప్ ప్రమాణాల ప్రకారం మెట్రో కోచ్ 800 కిలోన్యూటన్ల బలాన్ని తట్టుకోవాలి. సుమారు 80 టన్నుల బరువు పడినంత. ఒంటి నిండా వంపును కొలిచే స్ట్రెయిన్ గేజ్‌లు అంటించుకున్న ఆ ఉత్త డొల్ల ఎక్కడ ఎంత వంగిందో కంప్యూటరు తెర మీద గీతలుగా కనిపిస్తుంది. బలం తీసేశాక అది మునుపటి ఆకారానికి రావాలి. ఒక మూల కొద్దిగా వంగిపోయి ఉండిపోయినా డిజైను వెనక్కి వెళ్లాల్సిందే.

జనం బోగీ అని పిలిచేది కోచ్‌ను. ఇంజినీర్ల లెక్కలో బోగీ అంటే చక్రాలను, మోటార్లను మోసే కింది చట్రం. రైల్లో అతి ఎక్కువ దెబ్బలు తినేది ఇదే. దీని నమూనాను ప్రయోగశాలలో యంత్రానికి కట్టి కోటిసార్లు ఊపుతారు: మొదటి 60 లక్షలు మామూలు బలంతో, ఆ పైన 20 లక్షల చొప్పున రెండు విడతలు బలం పెంచుతూ. వారాల తరబడి రాత్రింబగళ్లు సాగే ఈ పరీక్షలో మామూలు దశ ముగిసేసరికి ఒక్క పగులు కూడా కనిపించకూడదు. ఇది చూడటానికి ఏ మాత్రం ఆసక్తికరంగా ఉండదు. కానీ ప్రయాణికుల బతుకు దీనిమీదే ఆధారపడి ఉంది.

వెల్డింగుది మరో కథ. పూత పూశాక మంచి అతుకూ చెడ్డ అతుకూ ఒకేలా మెరుస్తాయి. అందుకే వెల్డరుకు అర్హత పరీక్ష ఉంటుంది, ఆ అర్హతకు గడువు ఉంటుంది. ముఖ్యమైన ప్రతి అతుకుకూ నంబరు, ఆ నంబరు ఎదురుగా దాన్ని వేసిన మనిషి గుర్తు రిజిస్టరులో నమోదై ఉంటాయి. రంగు ద్రవం పూసి పైపగుళ్లనూ, అల్ట్రాసౌండ్ పంపి లోపలి బోలునూ పట్టుకుంటారు. బోల్టుల సంగతి ఇంకా సులువు. టార్క్ రెంచితో బిగించాక బోల్టు తల మీదుగా పక్క లోహం మీదికి పెయింటుతో ఒక గీత లాగుతారు. బోల్టు ఏ కాస్త తిరిగినా గీత విరుగుతుంది. టార్చిలైటు పట్టుకున్న మనిషికి ఒక్క చూపు చాలు.

తయారైన కోచ్‌ను స్నానాల గదిలాంటి షెడ్డులో పెట్టి నలువైపుల నుంచీ నీళ్లు కొడతారు. లోపల చుక్క పడకూడదు. తర్వాత తూకం వేస్తారు, ఒక్కో చక్రం మీద ఎంత బరువు పడుతోందో విడివిడిగా చూస్తారు. ఒక పక్కకు బరువు ఎక్కువైతే ఆ పక్క చక్రం త్వరగా అరుగుతుంది.

శ్రీసిటీ నుంచి సిడ్నీ దాకా

ఈ పనులన్నీ ఎక్కడో పరదేశంలో జరిగేవి కావు. తిరుపతి జిల్లా తడ దగ్గరున్న శ్రీసిటీలో ఆల్‌స్టమ్ ఫ్యాక్టరీ ఉంది. చెన్నై మెట్రో మొదటి దశకు తొలి రైళ్లు బ్రెజిల్ నుంచి వస్తే, మిగతావి ఇక్కడే తయారయ్యాయి. కొచ్చి, లక్నో మెట్రోల రైళ్లూ ఇక్కడివే. ఆస్ట్రేలియాలో తొలి డ్రైవరులేని మెట్రోగా 2019 మే 26న మొదలైన సిడ్నీ మెట్రోకు ఆరు కోచ్‌ల రైళ్లు 22 శ్రీసిటీ నుంచే ఓడెక్కాయి. కెనడాలో మాంట్రియల్ నగరపు ‘రెమ్’ లైనుకు 212 కోచ్‌లు ఇక్కడే పుట్టాయి.

ఒకే ఫ్యాక్టరీ, ఒకే పనివాళ్లు. కానీ ఆర్డరు ఇచ్చినవాళ్ల కోరికలు వేరు. చెన్నైకి కావలసింది మే నెల ఎండలో కిక్కిరిసిన కోచ్‌ను చల్లబరిచే ఏసీ. మాంట్రియల్‌కు కావలసింది మంచు కురిసే చలిలో వెచ్చగా ఉండే నేల, కరెంటు తీగ మీది మంచును గీకేసే ఏర్పాటు. సిడ్నీకి డ్రైవరు లేడు కాబట్టి ప్రతి తలుపూ, ప్రతి బ్రేకూ తన పరిస్థితిని తానే చెప్పుకోగలగాలి. కొనుగోలుదారు తరఫు ఇంజినీరు మెట్రో అంటే తెలిసినవాడైతే సరిపోదు, ఆ ఊరి వాతావరణం, ఆ జనం అలవాట్లు తెలిసినవాడై ఉండాలి.

తెలంగాణలోనూ ఈ రంగం వేళ్లూనుకుంటోంది. చెన్నై పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) 18 నెలల్లో రూపొందించిన ‘ట్రెయిన్ 18’ తర్వాత వందేభారత్ పేరుతో 2019 ఫిబ్రవరిలో పట్టాలెక్కింది. దాని మోటార్లకు విద్యుత్తును మలిచి ఇచ్చే వ్యవస్థ హైదరాబాద్‌కు చెందిన మేధా సంస్థది. రంగారెడ్డి జిల్లా కొండకల్‌లో ఆ సంస్థ కోచ్ ఫ్యాక్టరీ కూడా పెట్టింది.

ఇసుక బస్తాల ప్రయాణం

పట్టాల మీది పరీక్షలకు వస్తే మొదటి ప్రయాణికులు మనుషులు కాదు, ఇసుక బస్తాలు. సగటు మనిషికి 65 కిలోల లెక్కన వెయ్యి మందిని మోసే మూడు కోచ్‌ల రైల్లో 65 టన్నుల బస్తాలు పేర్చాలి. నిలబడేవాళ్ల చోట ఎన్ని, సీట్ల మీద ఎన్ని అన్నది కూడా లెక్క ప్రకారమే. ఖాళీ రైలు ఎలా ఊగుతుందో, నిండు రైలు ఎలా ఊగుతుందో రెండూ చూస్తారు. ఆర్‌డీఎస్‌వో చేసే ఈ ఊగిసలాట పరీక్షలో రైలును మామూలుగా నడపబోయే వేగానికి పది శాతం ఎక్కువ వేగంతో నడపాలి. 160 కిలోమీటర్ల వేగానికి ఉద్దేశించిన ట్రెయిన్ 18ను 2018 డిసెంబరులో కోటా డివిజన్‌లో 180 దాకా పరుగెత్తించడం వెనక సంగతి ఇదే.

2022 ఆగస్టులో అదే ప్రాంతంలో కొత్త వందేభారత్ 180 వేగంతో పోతుంటే గ్లాసులో నీళ్లు ఒలకని వీడియోను దేశమంతా చూసింది. ఇంజినీర్ల చూపు గ్లాసు మీద ఉండదు. కోచ్ నేల మీదా ఇరుసు పెట్టెల మీదా బిగించిన సెన్సర్లు సెకనుకు ఎన్నిసార్లు, ఎంత బలంగా అదురుతున్నాయో వాళ్లకు కావాలి. నీళ్లు నిలకడగా ఉన్నా, ఏదో ఒక వేగం దగ్గర చక్రాలు పట్టాల మధ్య ఎడాపెడా కొట్టుకోవడం మొదలైతే ఆ వేగానికి అనుమతి దొరకదు.

బ్రేకు పరీక్ష ఇంకా కఠినం. మన మెట్రోల ఒప్పందాల్లో సాధారణంగా కనిపించే అత్యవసర బ్రేకు లెక్క ప్రకారం రైలు వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 1.3 మీటర్ల చొప్పున తగ్గాలి. అంటే గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న రైలు సుమారు 190 మీటర్లలో ఆగాలి. పొడి పట్టాల మీద ఒకసారి, తడి పట్టాల మీద మరోసారి, ఒక కోచ్‌లో బ్రేకు పనిచేయలేదనుకుని ఇంకోసారి చూస్తారు.

చీర కొంగు నేర్పిన పాఠం

ఎంత పరీక్షించినా జనం ఎక్కాకే కొన్ని లోపాలు బయటపడతాయి. 2019 జులైలో కోల్‌కతా పార్క్ స్ట్రీట్ స్టేషన్‌లో ఒక ప్రయాణికుడి చేయి మూసుకున్న తలుపుల మధ్య ఇరుక్కుంది. రైలు కదిలిపోయింది. ఆయన చనిపోయారు. 2023 డిసెంబరులో ఢిల్లీ ఇందర్‌లోక్ స్టేషన్‌లో ఒక మహిళ బట్టలు తలుపులో చిక్కుకుని రైలు ఈడ్చుకుపోయింది. ఆమె కూడా బతకలేదు.

మెట్రో తలుపు ఏదైనా అడ్డు తగిలితే వెనక్కి తెరుచుకుంటుంది. ఆ అడ్డుకు కాస్త మందం ఉండాలి. చీర కొంగో, చున్నీయో అయితే తలుపు రబ్బరు అంచులు దాన్ని పట్టుకుని కూడా ‘మూసుకున్నాం’ అనే చెబుతాయి. డ్రైవరు ముందున్న దీపం వెలుగుతుంది, రైలు కదలడానికి అనుమతి దొరుకుతుంది. తలుపు తన ప్రమాణం ప్రకారం పనిచేసినట్టే లెక్క. కొరత ప్రమాణంలో ఉంది. ఆ తర్వాత ఢిల్లీ మెట్రో కొన్ని రైళ్లలో ‘యాంటీ డ్రాగ్’ ఏర్పాటు తెచ్చింది. తలుపులో చిక్కింది ఎంత పల్చటిదైనా, బయటినుంచి లాగుతున్న బలాన్ని పసిగట్టి రైలును ఆపడం దాని పని. చీరలు, చున్నీలు, పంచెలు కట్టే దేశంలో తలుపు పరీక్షకు చెక్క ముక్కతో పాటు గుడ్డ ముక్క కూడా కావాలని రెండు మరణాల తర్వాత గాని గట్టిగా చర్చకు రాలేదు.

పగులు కనిపిస్తే ఏం చేయాలి?

2021 మే 8న బ్రిటన్‌లో గ్రేట్ వెస్టర్న్, ఎల్‌ఎన్‌ఈఆర్ సంస్థల వేగ రైళ్లు చాలావరకు ఆగిపోయాయి. హిటాచీ తయారుచేసిన 800 శ్రేణి రైళ్ల అల్యూమినియం బాడీల్లో, షాక్ అబ్జార్బరు బిగించే చోటా, జాకీ పెట్టి ఎత్తే చోటా పగుళ్లు కనిపించాయి. ఒకచోట పదేపదే పడే బలానికి లోహం అలసి పగిలింది. మరోచోట వాతావరణంలోని ఉప్పూ తేమా అల్యూమినియాన్ని తిన్నాయి.

అక్కడి ఇంజినీర్ల ముందున్న ప్రశ్న ‘పగులు ఉందా, లేదా’ అన్నది కాదు. ఎంత పొడవు పగులుంటే రైలు సురక్షితంగా నడుస్తుంది, అది రోజుకు ఎంత పెరుగుతుంది, ఎన్ని రోజులకోసారి చూడాలి? లెక్కలు కట్టారు. పరిమితి లోపల ఉన్న రైళ్లు, బయల్దేరే ముందు తనిఖీ చేసి పంపే షరతు మీద, కొద్ది రోజుల్లోనే మళ్లీ పట్టాలెక్కాయి. ఎవరికీ గాయం కాలేదు. వాషింగ్టన్‌కూ దీనికీ తేడా లోపం పెద్దదా చిన్నదా అన్నదాంట్లో లేదు. బ్రిటన్‌లో తనిఖీలో కనిపించిన గీత సర్వీసును ఆపగలిగింది.

రాత్రి పన్నెండు తర్వాత

మియాపూర్, ఉప్పల్ డిపోల్లో ఈ కథ రోజూ రాత్రి నడుస్తుంది. చివరి సర్వీసు ముగిశాక రైళ్లు గూటికి చేరతాయి. తెల్లవారుజామున మొదటి రైలు బయటికి పోవాలి. ఆ కొద్ది గంటల్లో పిట్‌లోకి దిగిన టెక్నీషియన్లు పైకి చూస్తూ పెయింటు గీతలు, బ్రేకు ప్యాడ్లు, వైర్లు, చక్రాల అంచులు చూసుకుంటూ పోతారు. ఢిల్లీ మెట్రో కోచ్‌కు కొత్త చక్రం వ్యాసం 860 మిల్లీమీటర్లు. అరిగి, లేత్ మీద చెక్కుతూ చెక్కుతూ 780కి వస్తే దాని ఆయుష్షు తీరినట్టే. ఆ 80 మిల్లీమీటర్లను ఎన్నేళ్లు నెట్టుకురావాలన్నది ఖర్చుకూ భద్రతకూ మధ్య రోజూ జరిగే బేరం. చివర్న షిఫ్టు ఇంజినీరు రైలు సర్వీసుకు పనికొస్తుందని సంతకం పెడతాడు. పొద్దున ఆఫీసుల వేళకు ఒక రైలు తక్కువైతే ప్లాట్‌ఫారాల మీద జనం ఎంత తిట్టుకుంటారో అతనికి తెలుసు. అనుమానం ఉన్న రైలును ఆ వేళ ఆపగలిగే ధైర్యం అతనొక్కడిదే కాదు, వెనక నిలబడే సంస్థది కూడా.

ఇక డ్రైవరులేని రైళ్లు వస్తున్నాయి. చెన్నై మెట్రో రెండో దశకు శ్రీసిటీలో తయారైన మొదటి మూడు కోచ్‌ల రైలు 2024 అక్టోబరులో పూందమల్లి డిపోకు చేరింది. డ్రైవరు ఉన్న రైల్లో కిందినుంచి వింత చప్పుడొస్తే, బ్రేకు వేసినప్పుడు కాస్త జారినట్టనిపిస్తే, డ్యూటీ దిగుతూ అతను ఒక మాట రాసి వెళ్లేవాడు. ఇప్పుడు ఆ చెవులూ ఆ ఒళ్లూ ఉండవు. బేరింగు వేడి, ఇరుసు అదురు, తలుపు మోటారు లాగే కరెంటు అంకెలుగా కంట్రోల్ రూముకు పోతుంటాయి. ఏ అంకె దగ్గర హెచ్చరిక మోగాలి, ఏ అంకె దగ్గర రైలు తర్వాతి స్టేషన్‌లో జనాన్ని దించి ఖాళీగా డిపోకు పోవాలి, ఆ ఫోను అర్ధరాత్రి ఎవరికి వెళ్లాలి అన్నవన్నీ మొదటి రైలు కదలకముందే పట్టికగా రాసి ఒప్పించుకోవాలి. నేటి పర్యవేక్షక ఇంజినీరు బల్ల మీద డ్రాయింగుల పక్కన ఆ పట్టిక కూడా చేరింది.